మేక ఏమైందని అడిగింది

ట్యూషన్ సెంటర్ మెట్ల దగ్గర నిలబడి కాగితాలు పంచుతుంటే, వీధిలో పళ్ళపొడి అమ్ముకునేవాళ్ళు తనకంటే నయమనిపించింది లైబ్రేరియన్‌కి. వాళ్ళ దగ్గర కనీసం ఎవరో ఒకరు ఆగి వాసనైనా చూస్తారు. ఆమె ఇచ్చిన కాగితాన్ని మాత్రం పిల్లలు నాలుగడుగులు వేశాక మడిచి జేబులో కుక్కుకుంటున్నారు. కొందరు ఆ పాటి మర్యాద కూడా చూపించకుండా అక్కడే వదిలేస్తున్నారు. ‘హైస్కూలు, కాలేజీ పిల్లలకి ప్రత్యేక పఠన మందిరం. రండి, చదవండి, మాట్లాడుకోండి’ అని రంగుల్లో అచ్చేయించిన కాగితం. పంచిన వాటిలో సగం, వెళ్ళేటప్పుడు ఆమే నేల మీద నుంచి ఏరుకుంది.

పబ్లిక్ లైబ్రరీ పై అంతస్తులోని ఆ గదిని ఆమెకి అప్పగించి ఏడాది కావస్తోంది. గది బాగుంటుంది. వీధి వైపు మూడు కిటికీలు, రంగు వెలవని కొత్త కుర్చీలు, గోడ వారగా తివాచీ, దాని మీద దిండ్లు. లేనిదల్లా పిల్లలే. వాళ్ళని రప్పించడానికి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. క్విజ్ పెడితే ఇద్దరొచ్చారు. ఆ ఇద్దరూ అన్నదమ్ములు, బహుమతి ఎవరికొచ్చినా మా ఇంటికే కదా అని మధ్యలో లేచిపోయారు. చదరంగం బల్లలు వేయిస్తే కింద పేపర్లు చదువుకునే పెన్షనర్లు మోకాళ్ళ నొప్పులు కూడా మరిచిపోయి మెట్లెక్కి వచ్చి వాటిని ఆక్రమించుకున్నారు. ఒక రచయితని పిలిస్తే, ఆయన నొచ్చుకోకూడదని స్వీపరునీ వాచ్‌మన్‌నీ బతిమాలి కూర్చోబెట్టాల్సి వచ్చింది. వాచ్‌మన్ ఒక ప్రశ్న కూడా అడిగాడు, ఉపన్యాసం ఇంకా ఎంతసేపు ఉంటుందని.

చివరికి పెద్దాఫీసరు కబురు పెట్టాడు.

“చూడమ్మా, ఖాళీ గదికి లైట్లూ ఫ్యాన్లూ వేసి కూర్చుంటే పైవాళ్ళు నన్నడుగుతారు. నెలాఖరుకి నేనే వచ్చి చూస్తా. పిల్లలు కనబడాలి, చదువుతూ కనబడాలి. లేదంటే నీటి పన్ను కౌంటరుకి చోటు చాలట్లేదు, ఆ గది వాళ్ళకిచ్చేస్తా.”

గది పోతే ఆమె ఉద్యోగం కూడా పోయినట్టే. ఆమెది ఆ గదితో ముడిపెట్టిన కాంట్రాక్టు. ఆయన ఆ సంగతి ఎత్తలేదు, ఎత్తాల్సిన పని కూడా లేదు.

ఆమెకి నలభై దాటాయి. ఈ గదికి రాకముందు కింద హాల్లో పనిచేసేటప్పుడు మాట్లాడిన ప్రతివాడి మీదా వేలు చూపించి ‘ష్ష్’ అనేది కాబట్టి ‘ష్ష్ మేడమ్’ అన్న పేరు పడిపోయింది. ఇప్పుడు మాట్లాడే పిల్లల కోసం కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఈ మాటే అక్క దగ్గర అంటే అక్క పకపకా నవ్వింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. అక్క అదే వీధి చివర క్లినిక్‌లో నర్సు.

“అన్నేళ్ళు నోరు మూయించావు, ఇప్పుడు తెరవమంటే తెరుస్తారా?” అంది అక్క. చెల్లెలి మొహం చూశాక నవ్వు ఆపేసి, టీ కప్పు ఆమె వైపు జరిపింది.

మర్నాడు సాయంత్రం ఆ గదికి ఒక అమ్మాయి వచ్చింది. పదిహేనేళ్ళుంటాయి, రెండు జడలు. పుస్తకాల బరువుకి వీపు సంచీ నడుం కిందికి జారిపోయింది. ఎదురు ట్యూషన్ సెంటర్ పిల్లే. తెల్లవారకుండా ఒక ట్యూషన్, తర్వాత బడి, బడి అయ్యాక మళ్ళీ ట్యూషన్, ఈ సాయంత్రపు క్లాసుల మధ్యలో కాసేపు విరామం.

లైబ్రేరియన్ గుండె ఆనందంతో ఒక్క గంతు వేసింది. గబగబా లేచి, “రామ్మా, ఎలాంటి పుస్తకాలిష్టం నీకు?” అంది.

ఆ పిల్ల పుస్తకాల వైపు చూడనైనా లేదు. తివాచీ వైపు చూసింది.

“మేడమ్, ఇక్కడ కాసేపు పడుకోవచ్చా?”

“పడుకోవడానికి ఇదేమన్నా సత్రమా? లైబ్రరీ.”

“సరే మేడమ్” అని వెనక్కి తిరిగింది ఆ పిల్ల. బతిమాలలేదు, మూతి ముడవలేదు. కాదనిపించుకోవడం బాగా అలవాటైనదానిలా తిరిగింది. అది చూసి లైబ్రేరియన్‌కి ఏదోలా అయింది.

“ఆగు. ఒక పుస్తకం పక్కన పెట్టుకుని పడుకో. ఎవరైనా వస్తే చదువుతున్నట్టుండాలి.”

పడుకోవడం అంటే అలా ఇలా కాదు. తల దిండుకి ఆనిందో లేదో, తాడు తెగిన బకెట్ నూతిలో పడ్డట్టు నిద్రలో పడిపోయింది. విరామం అయిపోయే వేళకి లేపితే ఎక్కడున్నదీ తెలియక బిక్కమొహం వేసింది. మర్నాడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ మర్నాడు తివాచీ నిండిపోయింది. మొదట వచ్చిన ఆ పిల్ల పేరేమిటో గానీ, స్నేహితులంతా ‘అలారం’ అని పిలిచేవారు. ట్యూషన్‌లో ఎవరు కునికినా మాస్టారి కంట పడకముందే పెన్నుతో పొడిచి లేపుతుందట.

లైబ్రేరియన్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పిల్లలైతే వచ్చారు. అందరూ బోర్లా పడి నిద్రపోతున్నారు. ఇది ఆఫీసరుకి ఎలా చూపించాలి? ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. పైకి చదివి వినిపించే కార్యక్రమం అని తలుపు మీద బోర్డు పెట్టేసింది. అటక మీద ఎవరూ ముట్టుకోని ఒక లావుపాటి నవల ఉంది. ఉప్పు బస్తాలు పడవలో వేసుకుని దీవులకి తిరిగే ఒక ముసలామె కథ. కథ నత్తనడక నడుస్తుంది, పేజీల తరబడి నీళ్ళూ ఆకాశమూ తప్ప ఏమీ ఉండవు. నిద్రపోయేవాళ్ళ దగ్గర చదవడానికి అంతకంటే మంచి పుస్తకం దొరకదనుకుంది. కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించి, ఎవరూ వినని కథ చదవడం మొదలుపెట్టింది.

మొదట్లో సిగ్గేసింది. గోడలకి చదువుతున్నట్టుండేది. కానీ ఒకరోజు ఆమె ఆవులించి పేజీ వదిలేస్తే, జిరాఫీ అని పిలిచే ఒక పొడుగాటి కుర్రాడు కళ్ళు తెరవకుండానే, “మేడమ్, పొగమంచులో పడిందన్నారు. ఒడ్డు కనబడిందా?” అన్నాడు. ఇంకో మూల నుంచి, “అప్పుడే కనబడితే ఇంత లావు పుస్తకం ఎందుకురా” అని సమాధానం వచ్చింది. ఎవరో నవ్వారు. అలారం మాత్రం కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ వింటోంది. ఆ తర్వాత రోజుల్లో ఆ పిల్ల పడుకోవడం తగ్గింది. పడుకుని వినడం ఎక్కువైంది.

అక్క ఒకసారి డ్యూటీ దిగి వస్తూ గదిలోకి తొంగి చూసింది. దారిలో ఇంటికి నడుస్తున్నప్పుడు అంది, “వాళ్ళకి కావలసింది నీ పుస్తకం కాదే, మంచం. ఆ రెండు జడల పిల్ల కళ్ళ కింద చూశావా? చేతి గోళ్ళు తెల్లగా పాలిపోయున్నాయి. వాళ్ళమ్మకి చెప్పి ఓసారి క్లినిక్‌కి తీసుకురమ్మను.”

“చెప్తాలే.”

“చెప్తాలే కాదు, చెప్పు.”

చెప్దామనే అనుకుంది. కానీ వాళ్ళమ్మకి చెబితే, ట్యూషన్ విరామంలో మీ పిల్ల ఎక్కడ పడుకుంటోందో కూడా చెప్పాలి. చెబితే ఆ పిల్లని పంపరు. ఆ పిల్ల రాకపోతే మిగతావాళ్ళు రారు. ఆఫీసరు వచ్చి వెళ్ళేదాకా ఆగుదాం, ఆ మర్నాడే చెబుదాం అనుకుంది.

ఆఫీసరు వచ్చే రోజు రానే వచ్చింది. ముందు రోజే పిల్లలందరికీ బతిమాలి చెప్పింది. ఈ ఒక్కరోజు పడుకోవద్దు, తలా ఒక పుస్తకం పట్టుకోండి, అలారం లేచి నిలబడి ఒక పేజీ పైకి చదువుతుంది, అంతే. పిల్లలు సరేనన్నారు. జిరాఫీ అయితే, పడుకున్నందుకు అద్దె అనుకుంటాం మేడమ్ అన్నాడు.

ఆ సాయంత్రం అందరూ వచ్చి కూర్చున్నాక అలారం వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

“మేడమ్, ఒళ్ళు కాలిపోతోంది. ఇంటికెళ్ళిపోతాను. ఇవాళ ట్యూషన్‌కి కూడా ఉండలేను.”

లైబ్రేరియన్ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. వేడిగానే ఉంది. కింద ఆఫీసరు కారు తలుపు వేసిన చప్పుడు వినబడింది.

“ఒక్క పది నిమిషాలమ్మా. నీకు దణ్ణం పెడతాను. ఒక్క పేజీ చదివి వెళ్ళిపో. నువ్వు లేకపోతే వీళ్ళెవరూ నోరు విప్పరు.”

ఆ పిల్ల, “సరే మేడమ్” అంది. మొదటి రోజు అన్నట్టే అంది.

ఆఫీసరు వచ్చాడు. వెంట ఇద్దరు గుమస్తాలు, వాళ్ళలో ఒకడి చేతిలో కొలత టేపు. అది చూడగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. గది ఇవ్వాలని ముందే నిశ్చయించుకుని వచ్చారన్నమాట. అయినా పిల్లలు ముచ్చటగా కూర్చుని ఉన్నారు. ఆఫీసరు మొహంలో ఆశ్చర్యం కనబడింది. “ఫరవాలేదే” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె, “చదివి వినిపిస్తారు సార్, వినండి” అని అలారం వైపు తల ఊపింది.

ఆ పిల్ల లేచి నిలబడింది. పుస్తకం రెండు చేతుల్తో పట్టుకుంది. నాలుగైదు వాక్యాలు బాగానే చదివింది. తర్వాత చదివిన వాక్యమే మళ్ళీ చదివింది. గుమస్తా ఒకడు నవ్వాడు. ఆ పిల్ల పేజీని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని, ఏదో అనబోయి, నిలువునా కూలిపోయింది. పడుతూ పడుతూ బల్ల అంచుకి తగిలింది. కనుబొమ్మ చీరుకుపోయి రక్తం తివాచీ మీద పడింది.

జిరాఫీ ముందుగా పరిగెత్తాడు. “లేవే, లేవే” అంటూ భుజం కుదుపుతూనే ఉన్నాడు. లైబ్రేరియన్ ఏం చెయ్యాలో తెలియక ఆఫీసరు వైపు చూసింది. ఆయన తలుపు వైపు చూస్తున్నాడు. అప్పుడు కదిలింది. జిరాఫీ, ఆమె కలిసి ఆ పిల్లని చేతుల మీద మోసుకుని మెట్లు దిగారు. ఆ ఒళ్ళు కాగిన పెనంలా ఉంది. బరువే లేదు. వీధి చివరి క్లినిక్ ఎప్పుడూ అంత దూరం అనిపించలేదామెకి.

అక్క డ్యూటీలోనే ఉంది. ఒక్క ప్రశ్న అడగలేదు. స్ట్రెచర్ లాక్కొచ్చి లోపలికి తీసుకుపోయి తలుపు వేసేసింది.

కబురందుకుని తల్లీ తండ్రీ వచ్చారు. తండ్రి లిఫ్టు మెకానిక్. పనిలోంచి ఉన్నపళంగా వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా గ్రీజు. వాళ్ళ వెనకే ట్యూషన్ మాస్టారు కూడా దిగాడు.

“నా క్లాసులో కూర్చోవలసిన పిల్ల లైబ్రరీలో ఏం చేస్తోంది?” అని గొంతు పెంచాడు మాస్టారు. “రోజూ లేటుగా వస్తున్నారు, ఎందుకో ఇప్పుడర్థమైంది. కథల పుస్తకాలు. పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని కథల పుస్తకాలు. పైగా ఇప్పుడు ఈ రక్తం. దీనికి ఎవరు జవాబు చెప్తారు?”

తండ్రి లైబ్రేరియన్ వైపు తిరిగాడు. కోపంగా లేడు. అదే ఆమె తట్టుకోలేకపోయింది.

“ఏం జరిగిందమ్మా?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. చదువుతూ చదువుతూ పడిపోయిందండీ, అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. కానీ తలుపు తెరుచుకుని అక్క బయటికొచ్చి నిలబడింది. ఆమె ఎదుట ఆ మాట రాలేదు.

“ఒంట్లో బాలేదు, ఇంటికెళ్తానని చెప్పిందండీ. నేనే వెళ్ళనివ్వలేదు. ఆఫీసరు వస్తున్నాడు, నా గది పోతుందని... నేనే ఆపాను.”

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. “విన్నారా, విన్నారా” అని తండ్రి భుజం పట్టుకున్నాడు. తండ్రి ఆ చెయ్యి తీసేశాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ తల్లి నోరు తెరిచింది.

“పొద్దున నాతోనూ అంది. జ్వరంగా ఉందమ్మా, ఇవాళ వెళ్ళనని. వంకలు పెట్టకు, డబ్బు ఊరికే రాలేదు అన్నాను. నేనే జడలేసి పంపాను.” అని కొంగు నోట్లో కుక్కుకుంది.

మాస్టారు గడియారం చూసుకుని, క్లాసు మధ్యలో వదిలేసి వచ్చానంటూ వెళ్ళిపోయాడు.

అక్క చెప్పింది, “ప్రాణానికేం భయం లేదు. జ్వరం ఎక్కువైంది, ఒంట్లో రక్తం లేదు, సరిగా తిండి లేదు, నిద్ర లేదు. కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. మగతగా ఉంది, ఒకరొకరుగా చూడండి.” చెల్లెలి పక్క నుంచి వెళ్తూ, ఆగి, “నీకు చెప్పాను” అంది. అంత మెల్లగా అక్క ఎప్పుడూ తిట్టలేదు.

లైబ్రేరియన్ లోపలికి వెళ్ళలేదు. వెళ్ళే మొహం లేదు.

మర్నాటి నుంచి ఆ గదికి ఎవరూ రాలేదు. విరామంలో ట్యూషన్ సెంటర్ గేటుకి తాళం వేయడం మొదలుపెట్టారు. కిటికీలోంచి చూస్తే పిల్లలు మెట్ల మీద వరసగా కూర్చుని, మోకాళ్ళ మధ్య తలలు పెట్టుకుని ఉండేవారు. ఒకసారి జిరాఫీ తలెత్తి ఇటు చూశాడు. ఆమె చెయ్యి ఎత్తబోయే లోపు మళ్ళీ తల దించేసుకున్నాడు. ఆఫీసరు నుంచి ఉత్తరువు వచ్చింది. గది ఖాళీ చేయాలి, కాంట్రాక్టు పొడిగించబడదు. ఆమె అడగడానికి కూడా వెళ్ళలేదు. బకెట్ నీళ్ళు తెచ్చుకుని తివాచీ మీద మరకని తోమింది. ఎంత తోమినా పోలేదు. తోముతూ తోముతూ అక్కడే చతికిలబడి భోరున ఏడ్చింది. అదృష్టం, పైకి వచ్చేవాళ్ళెవరూ లేరు.

ఇంట్లో తిండి సహించేది కాదు. అక్క కంచం ముందు కూర్చోబెట్టేది. ఆమె మెతుకులు కెలికి లేచిపోయేది. “ఆ పిల్ల ఎలా ఉంది?” అని మాత్రం రోజూ అడిగేది.

“ఇంటికి పంపించేశాం. గాయం మానుతోంది.” అక్క కూర వడ్డిస్తూ అంది, “మాట్లాడట్లేదట.”

“ఎవరితో?”

“ఎవరితోనూ.”

గది ఖాళీ చేసే రోజున సామాను మోసే కూలీలు వచ్చి కుర్చీలు దించుతుంటే, వాళ్ళకి ఎదురు మెట్లెక్కుతూ లిఫ్టు మెకానిక్ వచ్చాడు. గ్రీజు కడుక్కుని, తల దువ్వుకుని, ఏదో పెద్ద ఆఫీసుకి వచ్చినట్టు వచ్చాడు. అతన్ని చూడగానే ఆమె, తిట్టడానికి వచ్చాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా.

“కూర్చోవచ్చాండీ?” అన్నాడు.

మిగిలిన ఒక్క బల్ల దగ్గర, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని మెలిపెడుతూ మొదలుపెట్టాడు.

“మా అమ్మాయి ఆ రోజు నుంచీ నోరు విప్పలేదండీ. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. వాళ్ళమ్మ ఏడ్చింది, నేను బతిమాలాను. ట్యూషన్ మానిపించేస్తాం, ఏమీ చదవక్కర్లేదన్నాను. ఊహూ. ఇవాళ పొద్దున నేను పనికెళ్తూ గడప దాటుతుంటే ఒక్క మాట అంది. మేక ఏమైంది, అంది.”

“మేకా?”

“మాకు మేక లేదండీ. మా వీధిలోనే లేదు. మతి గానీ చలించిందేమోనని వాళ్ళమ్మ గుండెలు బాదుకుంటోంది. ఇక్కడ ఏదో కథ వినేదని ఆ పొడుగు కుర్రాడు చెప్పాడు. ఏమైనా తెలుస్తుందేమోనని వచ్చాను.”

ఆమెకి తట్టింది. పొగమంచులో దారి తప్పిన ముసలామె పడవలోకి, ఏదో రాతిదిబ్బ మీద నుంచి ఊరూ పేరూ తెలియని ఒక మేక దూకుతుంది. తాగే నీళ్ళు అయిపోవస్తుంటాయి, ఒకరికైతేనే సరిపోతాయి. ఆఫీసరు వచ్చిన రోజు అలారం చదువుతూ చదువుతూ ఆగిపోయింది అక్కడే.

“కథలోదండీ. మతి చలించలేదు. కథలో మేక.”

అతను కళ్ళు మూసుకున్నాడు.

“ఏమైందండీ మరి? ఒక్క ముక్కలో చెప్పండి, వెళ్ళి చెప్పేస్తాను.”

చెప్పబోయి ఆగింది. ఒక్క ముక్కలో చెబితే ఆ పిల్ల వింటుంది, మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది. పెట్టెల్లో సర్దేసిన పుస్తకాల్లోంచి ఆ నవల వెతికి తీసింది. ఒక పేజీ మూల రక్తం మరకతో గట్టిపడి ఉంది.

“మీరే చదివి వినిపించండి. ఇక్కణ్ణుంచి.”

అతను చేతులు వెనక్కి లాక్కున్నాడు. “నావల్ల కాదండీ. బడి మానేశాక బిల్లులూ, మెషిన్ల మీద రాతలూ తప్ప ఏదీ చదవలేదు. పైకి చదవమంటే నాలుక మడత పడుతుంది. మీరొచ్చి చదవండి.”

“నేను రాలేనండీ. మీ అమ్మాయి మొహం చూసే ధైర్యం నాకు లేదు. ఆ పిల్ల పిలిస్తే వస్తాను. పిలవకుండా రాకూడదు.”

అతను ఆమె వైపు చూశాడు. ఏం అనుకున్నాడో, పుస్తకం దగ్గరికి లాక్కుని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. నిజంగానే నాలుక మడత పడింది. ఒత్తులు మింగేశాడు. వాక్యం అయిపోయినా ఆగకుండా తర్వాతి దాంట్లోకి దొర్లిపోయాడు. ఆమె పక్కన కుర్చీ లేక నిలబడే, “ఇక్కడ ఆగండి, ఊపిరి తీసుకోండి. తొందరేం లేదు” అని చెబుతూ పోయింది. మేక అరిచిన చోట మాత్రం అతను ఎవరూ చెప్పకుండానే అచ్చంగా అరిచాడు. తలుపు దగ్గర కూలీలు నవ్వారు. అతనికి సిగ్గేసి ఆగిపోయాడు.

“బావుందండీ, కానివ్వండి” అంది.

కూలీల మేస్త్రీ, “అమ్మా, ఆ బల్లా, కుర్చీ మాత్రమే మిగిలాయి. కింద బండి ఆగుంది” అన్నాడు.

“ఆగనివ్వు” అంది ఆమె.

అతను ఆ అధ్యాయం చివరిదాకా చదివాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది, లిఫ్టు తాళ్ళు బిగించినా అంత పట్టదేమో. పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని లేచాడు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

“చదువుతుంటే మధ్యలో నిద్రపోతే ఏం చెయ్యాలండీ? లేపి చదవాలా?”

“లేపకండి” అంది. “నిద్రపోయినా కాసేపు చదవండి.”

అతను తలూపి దిగిపోయాడు. కూలీలు వచ్చి బల్ల ఎత్తారు. ఆ సాయంత్రమే గుమస్తా వచ్చి, గోడ పొడవునా టేపు పరిచి, కౌంటరు ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీత గీశాడు.